పసుపు పెట్టె మీద పదిహేను అక్షరాలు

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు రిపేకా అనే ఆ అమ్మాయి మా వంటింట్లోకి అడుగుపెట్టేటప్పటికి, నా మనవణ్ణి పట్నం తీసుకుపోయి ఖైదులో పెట్టడానికి ఇంకా రెండు గంటలే ఉంది. నాలుగింటికి బండి కదులుతుందని సీనియర్ సార్జెంట్ ప్రిచర్డ్ పొద్దున్నే చెప్పేశాడు.

రిపేకా డిటెక్టివ్ సార్జెంటు. రాజధాని నుంచి పంపారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చింది. ప్రిచర్డ్ మూడు రోజులుగా బూట్లతోనే తిరుగుతున్నాడు. ఆయన తొక్కుతున్నాడు, నేను తుడుస్తున్నాను. అందుకే ఆ పిల్ల మేజోళ్ళు చూడగానే నాకు ప్రాణం కాస్త కుదుటపడింది.

పొయ్యి పక్క బల్ల మీద నా మనవడు ఫర్గస్ కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. గురువారం నుంచి తిండి లేదు. మాట కూడా లేదు. భోజనాల బల్ల దగ్గర, నేను వంటమనిషిగా ఉన్న ఈ కైర్న్‌మోర్ గొర్రెల ఎస్టేటు యజమాని డూగల్, చేతులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మధ్యలో రెండు ప్లాస్టిక్ సంచులు, ముద్రలు వేసి. ఒక్కో సంచిలో ఒక్కో పసుపు పెట్టె.

ఆ పెట్టెల సంగతి చెప్పాలి. మా కొండల్లో ఫోన్లు పలకవు. గుర్రం మీద గానీ నడిచి గానీ పైకి పోయేవాళ్ళు అరచేతిలో పట్టే ఆ పసుపు పెట్టె మెడలో వేసుకుని పోతారు. ప్రాణం మీదికి వస్తే మూత విరిచి, తీగ నిలబెట్టి, మీట నొక్కాలి. పైన తిరిగే ఉపగ్రహం ఆ కేక విని రాజధానిలో ఉన్న రక్షణ కేంద్రానికి చెబుతుంది. మా దగ్గరున్నవి పాత రకం. మొదటి ఉపగ్రహానికి పెట్టె ఎవరిదో మాత్రమే తెలుస్తుంది. ఎక్కడుందో తెలియాలంటే రెండోది కూడా తల మీదుగా పోవాలి. ఈలోగా కేంద్రం వాళ్ళు ఆ పెట్టె ఎవరి పేర నమోదై ఉందో ఆ ఇంటికి ఫోన్ చేసి, మనిషి క్షేమమేనా అని అడుగుతారు.

సోమవారం తెల్లవారి ఆరింటికి ఇష్బెల్ గుర్రమెక్కి కొండ మీది స్లేట్ గుడిసె వైపు వెళ్ళింది, తప్పిపోయిన గొర్రెల్ని మంచు పడకముందే దింపుకొద్దామని. బుధవారం సాయంత్రానికి వస్తానంది. ఇష్బెల్ డూగల్ తమ్ముడి కూతురు. తండ్రి ఏట్లో పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. అప్పటినుంచి ఈ వంటింట్లోనే పెరిగింది. దాని జడలు నేనే వేశాను. వచ్చే వేసవిలో ఫర్గస్‌తో పెళ్ళి.

బుధవారం రాలేదు. గురువారం పొద్దున వెతకడానికి బయలుదేరినవాళ్ళలో అందరికంటే ముందు పరుగెత్తినవాడు ఫర్గస్. గుడిసెకు ఒక మైలు ఇవతల, ఇరుకు లోయ అడుగున దొరికింది. గుర్రం జారి పడింది. తొడ ఎముక విరిగింది. మంగళవారం సాయంత్రం దాకా ప్రాణంతో ఉందని డాక్టరు చెప్పాడు. ఒకటిన్నర రోజు. ఆ సోమవారం నేను రొట్టెలు కాల్చాను. మంగళవారం దుప్పట్లు ఆరేశాను. ఎండ బాగుందని సంతోషపడ్డాను కూడా.

కోటు లోపల, గుండెకు ఆనించి, పసుపు పెట్టె పట్టుకుని ఉంది.

"డూగల్ గారూ, సోమవారం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పండి. పొద్దున పది యాభై రెండుకి మీ పెట్టె కేక వేసింది. పది యాభై ఎనిమిదికి ఇక్కడికి ఫోన్ వచ్చింది. వంటింట్లో ఎవరున్నారు?" అంది రిపేకా.

"నేనొక్కణ్ణే. ఇదిగో ఈ ఎఫీ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఫర్గస్ కొట్టంలో గుర్రానికి లాడాలు కొడుతున్నాడు."

"కేంద్రం వాళ్ళేమన్నారు?"

"డూగల్ గారి పెట్టె మోగుతోంది, ఆయన ఎక్కడున్నారు అన్నారు. నేనే డూగల్‌ని, కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నానన్నాను. పెట్టె ఎక్కడుందన్నారు. వెనక వసారాలో నా మేకుకి ఉందన్నాను. తెచ్చి దాని మీది నంబరు చదవమన్నారు. చదివాను. సరిపోయింది. పొరపాటున నొక్కుకుపోయి ఉంటుంది, ఆపేయండి అన్నారు. ఆపాను."

"చేతిలో పట్టుకుని చదివారా?"

"మరి కాలితోనా?"

ప్రిచర్డ్ నవ్వాడు. నేను కాల్చి పెట్టిన స్కోను రొట్టెల్లో నాలుగోది తింటూ, "అమ్మాయ్, ఇదంతా నా రిపోర్టులో ఉంది. చదువుకోలేదా?" అన్నాడు.

"చదివాను సార్. రెండుసార్లు. మళ్ళీ మీ నోటితో వినాలని ఉంది."

"విను. చనిపోయినమ్మాయి దగ్గర దొరికింది డూగల్ పెట్టె. లోపలి యంత్రం విప్పి చూసి మావాళ్ళు తేల్చారు. ఆ పెట్టె సోమవారం పదకొండింటికి ఈ ఇంట్లో ఉంది. డూగల్ చేత్తో పట్టుకుని నంబరు చదివాడు, రికార్డయింది. అంటే తర్వాత ఎవరో పైకి మోసుకుపోయి శవం కోట్లో పెట్టారు. గురువారం ఆమె దగ్గర ఇరవై నిమిషాలు ఒంటరిగా ఉన్నది ఎవరు?" స్కోను ముక్కతో ఫర్గస్ వైపు చూపించాడు. "పైకి పోయేవాళ్ళ చేతికి పెట్టె ఇచ్చి పంపే బాధ్యత కిందటేడు నుంచి వీడిది. ఇవ్వడం మరిచాడు. పిల్ల చచ్చిపోయింది. తప్పు బయటపడకుండా, సోమవారం మోగినట్టు రికార్డున్న డూగల్ పెట్టె తీసుకుపోయి అక్కడ పెట్టాడు. దాని మీది అక్షరాలు చెరిపాడు. 'డి' అని ఉన్న పట్టీ పీకి 'ఐ' అని ఉన్న పట్టీ అంటించాడు."

పట్టీల మాట వినగానే నేను పొయ్యి వైపు తిరిగిపోయాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను. చెప్పాల్సిన చోట చెప్పకుండా మూడు రోజులు నోరు కుట్టుకున్నదాన్ని, ఇప్పుడు దాచేదేముంది.

"ఫర్గస్, నువ్వే ఇచ్చావా ఆమెకి పెట్టె?" అంది రిపేకా.

వాడు తలెత్తలేదు. "మేకు మీంచి తీసిచ్చాను. 'ఐ' అని ఉంది. దాని మెడలో నేనే వేశాను." అంతే. మూడు రోజుల్లో వాడు మాట్లాడిన మొదటి మాటలవి.

"చూశావా, కథ బాగానే చెబుతాడు" అన్నాడు ప్రిచర్డ్.

"సార్, మీరు కొండల్లో ఎన్నేళ్ళుగా మనుషుల్ని వెతుకుతున్నారు?"

"ముప్పై ఏళ్ళు. నువ్వు బళ్ళో అక్షరాలు దిద్దేటప్పటినుంచి."

"సోమవారం పదకొండు పదికి మీకు కూడా ఫోన్ వచ్చింది కదా? ఉత్తుత్తి కేక, రద్దు చేశాం అని?"

ప్రిచర్డ్ స్కోను పళ్ళెంలో పెట్టేశాడు. ముఖం కందిపోయింది. "వచ్చింది. రద్దంటే రద్దే. నేను భోజనానికి వెళ్ళాను. అయితే?"

"ఏమీ లేదు సార్. ఎవరో ఒకరు దోషి అయితే మీ భోజనం మీకు అరుగుతుంది. అంతే."

"నోరు జాగ్రత్త అమ్మాయ్!"

ఆ పిల్ల అప్పటికే లేచి వసారాలోకి వెళ్ళిపోయింది. నన్ను రమ్మని చేయి ఊపింది. గోడకు రెండు మేకులున్నాయి. ఎడమది డూగల్‌ది, కుడిది ఇష్బెల్‌ది. రిపేకా మేకుల్ని చూసింది, తలుపు స్ప్రింగును చూసింది, చేతి గడియారాన్ని చూసింది. మేకు నుంచి నడవడం మొదలుపెట్టింది. వసారా తలుపు దాటి, వంటింట్లో గోడ ఫోను దగ్గరికి పద్నాలుగు అడుగులు. ఆమె వెనక తలుపు ధడేలుమని మూసుకుంది. ఆ స్ప్రింగు అలాంటిది. పిల్లి తోక రెండుసార్లు నలిగింది దాని కింద.

"పోనూ రానూ ఇరవై నాలుగు సెకన్లు. తలుపు రెండు చప్పుళ్ళు" అంది తనలో తాను. ఫోను కింద ఉన్న సొరుగు లాగింది. అది కీచుమంది. "ఇందులో ఏముంటాయి మామ్మగారూ?"

"దారాలు, కొవ్వొత్తులు, పశువుల డాక్టరు కాగితాలు. పెట్టెలు నమోదు చేసిన కార్డులు కూడా."

"కార్డు మీద నంబరుంటుందా?"

"ఉంటుంది. పదిహేను అక్షరాలు. నాకు చదవడం అంతంతమాత్రం కానీ, అట్టలు గుర్తుపడతాను."

ఆమె జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రక్షణ కేంద్రం వాళ్ళు రికార్డు చేసిన మాటలు. మొదట డూగల్ గొంతు, టీ తాగుతూ మాట్లాడుతున్నట్టు తాపీగా. తలుపు రెండుసార్లు ధడేలుమంది. అంటే పెట్టె తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నంబరు చదవడం మొదలుపెట్టాడు. మొదటి ఎనిమిది అక్షరాలు అన్ని పెట్టెలకూ ఒకటేనట. తొమ్మిదో దగ్గర్నుంచి, "సీ, నాలుగు, ఏడు, ఎఫ్" అన్నాడు. అవతల అమ్మాయి, "సరిపోవడం లేదండీ, ఇంకోసారి చూడండి" అంది.

ఆ తర్వాత నిశ్శబ్దం.

రిపేకా వేళ్ళతో లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క చప్పుడు, కీచుమని. మళ్ళీ డూగల్ గొంతు: "క్షమించండి, కళ్ళజోడు లేదు. ఎ, తొమ్మిది, రెండు, డి..." చివరి దాకా తడబడకుండా చదివేశాడు. అవతల అమ్మాయి, "సరిపోయిందండీ" అంది. నవ్వింది కూడా, పాపం.

"ముసలి కళ్ళు. సీకి ఎకి తేడా తెలీలేదు" అన్నాడు ప్రిచర్డ్.

రిపేకా బల్ల మీది రెండో సంచి ఎత్తి ఆయన ముందు పెట్టింది. అది సోమవారం నుంచీ ఇంట్లోనే ఉన్న పెట్టె. 'డి' అని పట్టీ ఉంది. "దీని మీద చదవండి సార్. తొమ్మిదో అక్షరం నుంచి."

ప్రిచర్డ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. "సీ, నాలుగు, ఏడు, ఎఫ్."

"ఇది ఇష్బెల్ పెట్టె. డూగల్ గారు తప్పుగా చదవలేదు. చేతిలో ఉన్నదే చదివారు. సరిపోలేదని అవతల అనగానే చేతిలో ఉన్నది ఇష్బెల్ పెట్టె అని అర్థమైంది. మరి తన పెట్టె ఎక్కడ మోగుతోంది? ఎవరి మెడలో? పదకొండు సెకన్లలో వసారాకి పోయి రాలేరు. తలుపు చప్పుడే లేదు. సొరుగు లాగి, కార్డు చూసి చదివారు."

ప్రిచర్డ్ గడ్డం గోక్కుంటూ అన్నాడు. ఆయన మూర్ఖుడు కాదు, అది నేనెప్పుడూ అనను. "రెండు పెట్టెలూ ఒకేసారి తెచ్చుకుని ఉండొచ్చుగా? ముందు ఒకటి చదివాడు, కాదంటే రెండోది చదివాడు. సొరుగు దేనికో లాగాడు, కళ్ళజోడు కోసం. రెండూ ఇంట్లోనే ఉన్నాయి. పిల్ల వట్టి చేతుల్తో పోయింది. నా మాటే నిలబడింది. కోర్టులో ఇది చాలు." గడియారం చూశాడు. "మూడు పది. ఫర్గస్, కోటేసుకో."

రిపేకా దగ్గర చూపడానికి ఇంకేమీ లేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. మొదటి సంచి ఎత్తి, చెరిగిపోయిన తెల్లటి చోటు వైపే చూస్తోంది. "దీని మీద అక్షరాలు ఎప్పుడు చెరిగాయో తెలిస్తే... సోమవారానికి ముందే చెరిగి ఉంటే దీన్ని ఎవరూ చదవగలిగేవాళ్ళు కాదు" అంది తనలో తనే.

ఫర్గస్ లేచి నిలబడ్డాడు. వాడి తల్లి పోయినప్పుడు కూడా ఇలాగే నిలబడ్డాడు, ఎవరేం చెయ్యమంటే అది చేద్దామని.

"ఆదివారం" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఆదివారం సాయంత్రం నేనే చెరిపాను. రెండు పెట్టెలకీ బురద పట్టి ఉంది. వేడినీళ్ళతో కడిగాను. పట్టీలు రెండూ ఊడిపోయాయి. జిగురు మరక పోవడానికి స్పిరిట్‌తో రుద్దాను. ఒక పెట్టె మీద అక్షరాలు కూడా పోయాయి. భయమేసింది. రెండో దాన్ని రుద్దలేదు. పట్టీలు ఏది దేనిదో తెలీలేదు. కార్డు చూసి నంబరు పోల్చుకునేంత చదువు నాకు లేదు కదా, రెండూ ఒకేలా పసుప్పచ్చగా ఉన్నాయి. అడగడానికి సిగ్గేసింది. ఏదో ఒకటి అనుకుని అంటించేశాను."

చెప్పేశాను. ఇన్ని రోజులూ రొట్టె పిండిలా గొంతులో ఉబ్బిన మాట.

ప్రిచర్డ్ నిట్టూర్చాడు. "ఎఫీ మామ్మా, మనవడి కోసం ఏ మామ్మైనా ఇదే చెబుతుంది. మా అమ్మ కూడా చెప్పేది."

"ఎలా అంటించారు మామ్మగారూ?" అంది రిపేకా గబుక్కున. "జిగురు పోయిందన్నారుగా?"

"మైదాపిండి ఉడకబెట్టి. జామ్ సీసాల మీద చీటీలు దాంతోనే అంటిస్తాను. యాభై ఏళ్ళుగా."

రిపేకా చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. సంచి ముద్ర తీసింది. శవం దగ్గర దొరికిన పెట్టె మీద 'ఐ' అన్న పట్టీని చివర పట్టుకుని నెమ్మదిగా లేపింది. మూడు రోజులు ఇష్బెల్ గుండెకు ఆని ఉంది కదా, తడవలేదు. పట్టీ కింద ఎండిన పిండి, తెల్లటి పొలుసులుగా. ఆ పిండి కింద అక్షరాలుండాల్సిన చోట శుభ్రంగా, నున్నగా ఉంది.

"ముందు చెరిగింది. తర్వాత పిండి. ఆ పైన పట్టీ" అంది రిపేకా. "సార్, ఫర్గస్ లోయలో మైదాపిండి ఉడకబెట్టాడంటారా?"

ప్రిచర్డ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ నిటారుగా నిలబడినప్పుడు మనిషి ముసలివాడిలా కనబడ్డాడు. చేతిలో ఉన్న బండి తాళం చెవి జేబులో పెట్టుకున్నాడు. అంతే, నా మనవడు బతికాడనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకోతి లేదు.

"పట్టీలు నువ్వే మార్చావా మామ్మా?" అన్నాడు ఫర్గస్.

"అవును నాన్నా."

"దాని పెట్టెలో బ్యాటరీ కొత్తది. కిందటి చలికాలం కొండ మీద కోరిన్ చచ్చిపోయాక అది పట్నం పోయి వేయించుకొచ్చింది. దాని మెడలో దాని పెట్టే ఉంటే బ్యాటరీ ఒక రోజంతా పలికేది. రెండో ఉపగ్రహం చూసేది." వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. "నేను దాని మెడలో వేసింది చచ్చిన పెట్టె."

చచ్చిన పెట్టె అన్న మాటకి రిపేకా డూగల్ వైపు తిరిగింది. "మీ పెట్టె పదకొండు ఇరవై మూడుకి ఆగిపోయింది. ముప్పై ఒక్క నిమిషాలు. రెండో ఉపగ్రహం వచ్చింది పదకొండు నలభైకి. పదిహేడు నిమిషాల్లో తప్పిపోయింది. మొదటిది అప్పటికే దాటిపోయింది; మీరు ఆపేశానన్నాక కూడా పెట్టె మోగుతోందని రెండోది వింటే కేంద్రం వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసేవాళ్ళు. మీరు భయపడలేదు. దాని బ్యాటరీ గడువు దాటిందని మీకు తెలుసు. కిందటి చలికాలం కోరిన్ అనే కుర్రాడు మోసుకుపోయిన పెట్టెలాగే."

డూగల్ మొదటిసారి తలెత్తాడు.

"నిన్న, శుక్రవారం, కోరిన్ చావు మీద విచారణ జరగాల్సింది" అంది ఆమె. "ఆ పెట్టె మీది గడువు తేదీని మీరు గరుకు కాగితంతో గీకడం చూశానని ఇష్బెల్ విచారణాధికారికి ఉత్తరం రాసింది. అక్కడికొచ్చి చెబుతానంది. ఉత్తరం నా దగ్గరుంది."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. డూగల్ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. రేపు ఏ దొడ్డి తెరవాలో చెప్పినట్టు.

"కాలు బెణికి ఉంటుందనుకున్నాను. గుడిసె దగ్గరే ఉంటుంది, పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. నాలుగు రోజులు చలిలో పడుంటే శుక్రవారం దాటిపోతుందనుకున్నాను. శుక్రవారం దాటితే చాలనుకున్నాను. బుధవారం రాత్రి వరకూ అదే అనుకున్నాను." నా వైపు తిరిగాడు. "ఎఫీ, దాన్ని నేను పెంచాను కదా. నీకు తెలుసు కదా."

నాకు తెలుసు. నాకు పదహారేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చాను, అప్పుడు డూగల్‌కి నాలుగేళ్ళు. అరవై ఏళ్ళుగా నేను వండిందే తిన్నాడు.

రిపేకా బేడీలు తీసింది. మా కళ్ళన్నీ ఆ చేతుల మీదే ఉన్నాయి. అందుకే వసారా తలుపు ధడేలుమన్నప్పుడు అది గాలికి అనుకున్నాం. గిట్టల చప్పుడు వినబడ్డాకే పొయ్యి పక్క బల్ల ఖాళీగా ఉందని చూశాం.

ప్రిచర్డ్ పరుగెత్తాడు. నేను కిటికీ దగ్గరికి పోయాను. కొండ మబ్బు మా కంచె దాకా దిగి ఉంది. మంచు పలచగా మొదలైంది. గుర్రం మబ్బులోకి పోయేది ఒక్క క్షణం కనబడింది. జీను కూడా లేదు.

"ఎటు పోతాడు?" అంది రిపేకా.

"ఇష్బెల్ పడిన చోటికి. ఇంకెటు పోతాడమ్మా?"

వంకీకి వాడి కోటు అలాగే వేలాడుతోంది. ఈ చలిలో కోటు లేకుండా కొండెక్కే మనిషి తిరిగి రావడానికి పోడు. ఆ మాట నేను పైకి అనలేదు, ఆ పిల్లకీ చెప్పక్కర్లేకపోయింది. కోటు చూసి నా చెయ్యి పట్టుకుంది.

ప్రిచర్డ్ తిరిగి వచ్చాడు, తల మీద మంచుతో. "హెలికాప్టరు లేవదట. రేపు పొద్దున వరకూ లేవదు. ఇంకో గంటన్నరలో చీకటి పడుతుంది. వాడి వెనక పడితే అందుకోలేం, వాడు వాయువేగంతో పోతున్నాడు. లోయ అంచున అయిదు చోట్ల రాయి జారి ఉంది. గురువారం నేను చూశాను."

"అడ్డదారి ఉంది" అన్నాడు డూగల్. "గుట్ట వెనక నుంచి, రాతి చట్టు మీదుగా. మా నాన్న చూపించాడు. ఒక గుర్రమే పడుతుంది. వాడికంటే ముందు నేను అక్కడుంటాను."

"వీల్లేదు" అంది రిపేకా. "మీరు నా నిందితుడు."

"నిందితుణ్ణే. ఇద్దరు పిల్లల చావు నా మీదుంది. మూడోది కూడా రాసుకుంటారా?"

"ఆ దారి నాకు తెలీదు అమ్మాయ్" అన్నాడు ప్రిచర్డ్. చాలా చిన్న గొంతుతో అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఈ కొండలన్నీ తెలుసని చెప్పుకుంటున్నాను. అది మాత్రం తెలీదు. చట్టు దాకా నేను వెంట పోతాను. ఆ తర్వాత ఇతనొక్కడే పోవాలి."

ఆ తర్వాత ఇతనొక్కడే. ఒక పిల్ల కేక వేస్తుంటే కుర్చీలో కూర్చుని టీ తాగిన మనిషి. పైన నా మనవడు, ఇద్దరికీ మధ్య ఇంకో ప్రాణి ఉండదు. ఇతన్ని చూస్తే ఫర్గస్ ఏం చేస్తాడో తెలియదు. ఫర్గస్‌ని చూస్తే ఇతనేం చేస్తాడో అంతకన్నా తెలియదు. వాడు దొరకలేదని చెప్పి ఒంటరిగా దిగి వస్తే, కాదనేవాళ్ళెవరు?

రిపేకా రెండో సంచి తీసుకుంది, ఇష్బెల్ పెట్టె ఉన్నది. ముద్ర పట్టుకుని చించేసింది.

"అది సాక్ష్యం! కోర్టులో నిన్ను ముక్కలు చేస్తారు" అన్నాడు ప్రిచర్డ్.

"చెయ్యనీండి. ఈ ఇంట్లో బతికున్న పెట్టె ఇదొక్కటే." ఆమె దాన్ని డూగల్‌కి ఇవ్వలేదు. నా చేతిలో పెట్టింది. "వాడు మీ మనవడు. పంపమంటే పంపుతాను, వద్దంటే వద్దు. నేను తేల్చలేను మామ్మగారూ."

అంత చిన్న పెట్టె అంత బరువుంటుందని నాకు తెలీదు. నేను ముందు వంకీ దగ్గరికి పోయి ఫర్గస్ కోటు తీసుకొచ్చాను. లోపలి జేబులో రెండు స్కోన్లు గుడ్డలో చుట్టి పెట్టాను. వాడు తింటాడనా, ఏమో. కోటు డూగల్ చేతికిచ్చాను. ఆయన తల వంచాడు. పెట్టె తాడు ఆ మెడలో వేశాను.

తెస్తానని ఆయన అనలేదు. తెస్తావా అని నేనూ అడగలేదు.

రెండు గుర్రాలూ కంచె దాటాయి. మబ్బు ముందు ప్రిచర్డ్‌ని మింగింది. డూగల్ ఒక్కసారి ఆగాడు. మెడలో ఉన్న పెట్టెను చేత్తో తడిమి, కోటు లోపలికి తోసుకున్నాడు. దాన్ని కాపాడుకుంటున్నాడో, దాచేసుకుంటున్నాడో ఆ దూరం నుంచి నాకు తెలియలేదు.